గునుగు కొసలు, జుట్టు కొసలు

బతుకమ్మ పేర్చే రోజుల్లో వరంగల్ ఇళ్లలో గిన్నెల నిండా రంగునీళ్లు. తెల్లని గునుగు పూలను గుప్పెడేసి కట్టలు కట్టి కొసలు ముంచుతారు. కొస గులాబీ, కాడవైపు తెలుపు. సెలూన్లలో ఇప్పుడు బాలయాజ్ పేరుతో జుట్టుకు వేస్తున్నదీ ఇంచుమించు ఇలాంటిదే. ఆ ఫ్రెంచి మాటకు ఊడవడం అని అర్థం. కుంచెతో పాయ మీద పైపైన ఊడ్చినట్టు పూస్తూ, కొసలకు వచ్చేసరికి చిక్కగా పట్టిస్తారు.

చిక్కల్లా ఒక్కటే. గునుగు తెలుపు, మన జుట్టు నలుపు. నలుపు మీద లేత రంగు తేలదు కాబట్టి ముందు బ్లీచ్‌తో మెలనిన్‌ను తీయాలి. అప్పుడు జుట్టు ఎర్రగోధుమకు, నారింజకు, ఆ తర్వాతే పసుపుకు తిరుగుతుంది. నారింజ దగ్గరే ఆపి, ఛాయను సరిచేసే టోనర్ పూసి పంపేస్తే, కొన్ని వారాలకు కొసలు తోమని ఇత్తడి చెంబులా తేలతాయి.

బ్లీచ్‌లో కలిపే పెరాక్సైడ్ ద్రవం, అంటే డెవలపర్ డబ్బా మీద 20 వాల్యూమ్ అని ఉంటే, ఒక మిల్లీలీటరు నుంచి 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందని లెక్క. అందులో పెరాక్సైడ్ 6 శాతం. 40 అంటే 12 శాతం. త్వరగా అయిపోతుందంటూ ఎత్తుకోగానే నలభై తీసే చోట నేనైతే కూర్చోను.

పని తెలిసినవాళ్లు ముందు గోరింటాకు పెట్టారా, ఇంట్లో డై వేశారా అని అడుగుతారు. గోరింటాకులోని లాసోన్ వెంట్రుకలోని కెరాటిన్‌ను పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. లోహ లవణాలు కలిపిన రంగు పొడులైతే మరీ ప్రమాదం: పెరాక్సైడ్ తగిలితే వేడెక్కి వెంట్రుకలు తెగిపోవచ్చు. కాబట్టి ముందు చెవి వెనక ఓ సన్నపాయ మీద వేసి చూడమనండి. అలర్జీ పరీక్ష 48 గంటల ముందే. ఆల్బమ్ చూపిస్తే, నల్లజుట్టు మీద వాళ్లు చేసినది, రెండు నెలలయ్యాక ఎలా ఉందో అడగండి. ఫారిన్ అమ్మాయిల ఫోటోలు మనకెందుకు?

జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. బాలయాజ్‌లో మొదళ్ల దగ్గర గీత కొట్టినట్టు ఉండదు గనక టచప్‌కు తొందరపడక్కర్లేదు.

నారింజ ఛాయ తేలితే నీలం షాంపూ, పసుపు తేలితే ఊదా షాంపూ. రంగుల చక్రంలో ఎదురెదురు రంగులు ఒకదాన్నొకటి అణిచేస్తాయి. ఉప్పు బోరునీళ్లే దిక్కయిన ఇంట్లో, చివరి రెండు చెంబులైనా నల్లానీళ్లు పోసుకోండి. బోరునీళ్లలోని కాల్షియం బ్లీచైన కొసలకు పట్టి జుట్టును పీచులా చేస్తుంది.

తలంటుకు ముందు కొబ్బరినూనె పెట్టడం అమ్మమ్మల అలవాటు. అది జుట్టులోంచి ప్రోటీన్ పోకుండా కాస్త ఆపుతుందని 2003లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. బ్లీచ్ చేసిన జుట్టును కూడా అందులో పరీక్షించారు.