పిల్లిగుండె తాళము తప్పినపుడు

ముద్దుగా పెంచుకొను పిల్లి యకస్మాత్తుగా సొమ్మసిల్లి, క్షణములో లేచి యేమియు నెఱుగనట్లు తిరుగాడినచో, సోదరీమణులారా, వేడిచేసినదని యూరకుండరాదు. వైద్యునియొద్ద పిల్లిగుండె నిమిషమునకు 140 మొదలు 220 సారులు కొట్టుకొనుట సహజమే. బెదరియు 120 కంటె తగ్గినను, నెమ్మదిగానున్నను 240 దాటినను అనుమానింపవలెను. వైద్యుడు ఱొమ్మున గుండెను, తొడలోపల నాడిని ఏకకాలమున లెక్కించును. నాడి వెనుకబడినచో తాళము తప్పినదని యర్థము. ఆ తప్పెట్టిదో ఇ.సి.జి. గీతలవలననే తేలును.

కారణము తఱచుగా గుండెకండరము దళసరియగుట. ముసలిపిల్లులలో థైరాయిడ్ గ్రంథి యుద్రేకమును కావచ్చును. దానిని చక్కబఱచిన గుండెయు కుదుటబడుట కలదు. అతివేగమునకు కొన్నిటికి అటినొలాల్ ఇత్తురు. కొలత వైద్యుడే చెప్పవలెను. మనము మ్రింగు పారాసిటమాల్ బిళ్ల మాత్రము పిల్లికి విషము! నిద్రలో ఊపిరులు పలుమాఱు నిమిషమునకు 30 మించినను, వెనుకకాళ్లు చల్లబడి యీడ్చుచున్నను, తెల్లవాఱువఱకు వేచియుండక వైద్యునియొద్దకు గొనిపోవలెను.