మూలికల "బలం మందులు" – మేలెంత? కీడెంత?

దాంపత్య సుఖాన్ని ఇస్లాం చిన్నచూపు చూడలేదు. అది భార్యాభర్తలిద్దరికీ ఉన్న హక్కు అని ఫిఖ్హ్ గ్రంథాలు పేర్కొంటున్నాయి. భర్త అశక్తుడైతే ఏం చేయాలన్న విషయాన్ని కూడా ఫుఖహా దాచిపెట్టలేదు. అలాంటి వ్యక్తిని వారు 'ఇన్నీన్' అన్నారు. భార్య ఫిర్యాదు చేసినపుడు ఖాజీ అతనికి ఒక సంవత్సరం గడువు ఇవ్వాలని నిర్ణయించారు. సంవత్సరమే ఎందుకు? ఏడాదిలో నాలుగు ఋతువులూ గడుస్తాయి. లోపం వేడివల్ల వచ్చినదైనా, చలివల్ల వచ్చినదైనా అనుకూలమైన ఋతువులో తగ్గే అవకాశం ఉంటుందని వారు వివరించారు. ఇందులో గమనించదగిన అంశం ఒకటుంది. వారు దీనిని పరువు సమస్యగా గాక దేహానికి వచ్చిన ఒక రుగ్మతగా చూశారు.

నేడు దీనికి విరుద్ధంగా జరుగుతోంది. సిగ్గువల్ల రోగి వైద్యుని వద్దకు పోడు. రోడ్డు పక్క గుడారంలోనో, గోడ ప్రకటనలోనో, ఫోనులో వచ్చే ప్రచారంలోనో దొరికే "మర్దానా తాఖత్" మందును రహస్యంగా కొంటాడు. "మూలికలే కదా, హాని ఏముంటుంది?" అని తనకు తాను సర్దిచెప్పుకుంటాడు. ఈ మందులు నిజంగా పనిచేస్తాయా? వీటివల్ల ప్రమాదం లేదా? ఈ రెండు ప్రశ్నలను వేరువేరుగా పరిశీలించాలి.

దేహంలో జరిగేది ఏమిటి?

అంగస్తంభన ప్రధానంగా రక్తప్రసారానికి సంబంధించిన క్రియ. నరాల ప్రేరణతో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దాని ప్రభావంతో రక్తనాళాల కండరాలు సడలి, రక్తం లోనికి చేరుతుంది. కనుక నాళాలను, నరాలను దెబ్బతీసే ప్రతి జబ్బూ ఈ శక్తిని తగ్గిస్తుంది. మధుమేహం, రక్తపోటు, పొగాకు, కొవ్వు పేరుకొనడం వీటిలో ముఖ్యమైనవి. దిగులు, భయం, కొన్ని రకాల మందులు కూడా కారణం కావచ్చు.

ఆ భాగపు ధమనులు గుండె ధమనులకంటే సన్ననివి. అందుచేత నాళాలు పూడుకొనే జబ్బు తరచుగా ముందు ఇక్కడ బయటపడి, కొన్ని సంవత్సరాల తర్వాత గుండెలో బయటపడుతుంది. అంటే నలభై, యాభై ఏళ్ల మనిషిలో ఈ లోపం గుండెపోటుకు ముందస్తు హెచ్చరిక కావచ్చును. పొట్లం మందుతో తృప్తిపడినవాడు ఆ హెచ్చరికను పోగొట్టుకుంటాడు. మందులో ఏ విషమూ లేకపోయినా ఈ నష్టం మాత్రం ఉంటుంది.

మూలికల ప్రభావం ఎంత?

ఈ మందులలో ఎక్కువగా కనిపించేవి అస్గంధ్ (పెన్నేరు), పల్లేరు కాయలు, సఫేద్ మూస్లీ, దూలగొండి విత్తులు, శిలాజిత్తు, కొరియా దేశపు జిన్సెంగ్. వీటన్నిటినీ బూటకమని కొట్టివేయడం న్యాయం కాదు, దివ్యౌషధాలని పొగడడమూ న్యాయం కాదు. జిన్సెంగ్‌పై జరిగిన పరీక్షలను 2021లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. ఉత్తి మాత్రతో పోల్చినపుడు అంగస్తంభనలో దాని మేలు అత్యల్పమని తేలింది. పెన్నేరుపై జరిగినవి చాలావరకు చిన్న పరీక్షలు. కొన్నింటిలో మేలు కనిపించినా అవి గట్టి నిర్ధారణకు చాలవు. దానిని వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు కూడా వైద్య పత్రికలలో వచ్చాయి. పల్లేరు పురుష హార్మోనును పెంచుతుందన్న ప్రచారాన్ని మానవులపై జరిగిన పరీక్షలు బలపరచలేదు. ఆఫ్రికా చెట్టు బెరడునుండి తీసే యోహింబీన్‌కు కొంత ప్రభావం ఉన్నది గాని, అది రక్తపోటును, గుండె వేగాన్ని, ఆందోళనను పెంచుతుంది.

మనసు పాత్ర కూడా తక్కువది కాదు. మందు తిన్నానన్న ధైర్యంతోనే కొందరికి గుణం కనిపిస్తుంది. అందుకే "నాకు పనిచేసింది" అన్న ఒకరి మాట రుజువు కాజాలదు. ఈ సంగతి పూర్వపు హకీములకు తెలియనిది కాదు. 1037లో మరణించిన ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్' రెండవ గ్రంథంలో మందును పరీక్షించే నియమాలు రాశాడు. మందు కల్తీ లేనిదై ఉండాలి. దాని ప్రభావం ఎప్పుడో ఒకసారి గాక నిలకడగా కనిపించాలి. పరీక్ష మనిషి దేహంపైనే జరగాలి, ఎందుకంటే సింహం మీదనో గుర్రం మీదనో కనిపించిన గుణం మనిషికి వర్తించకపోవచ్చు. నేటి ప్రకటనలలోని మందులను ఈ గీటురాయిపై పెడితే నిలిచేవి బహు కొద్ది.

మూలికల చాటున మాత్ర

మరి కొన్ని పొట్లాలు గంటలోనే పనిచేస్తాయి కదా అని అడగవచ్చు. అనుమానించవలసింది సరిగ్గా అక్కడే. 1998లో అమెరికాలో అనుమతి పొందిన సిల్డెనాఫిల్ అనే మందును, దానివంటి ఇతర రసాయనాలను మూలికల పొడిలో కలిపి అమ్మేవారున్నారు. 2007 నుండి 2016 వరకు అమెరికా ప్రభుత్వ ఔషధ శాఖ 776 కల్తీ ఆహార పూరకాలను గుర్తించింది. వాటిలో 353 ఈ కోవకు చెందినవే.

సిల్డెనాఫిల్ వైద్యుని పర్యవేక్షణలో చాలామందికి ఉపయోగపడే మందే. కాని గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు దానిని తీసుకుంటే రక్తపోటు హఠాత్తుగా పడిపోయి ప్రాణం పోవచ్చును. మాత్రపై పేరు ఉంటే రోగి జాగ్రత్తపడతాడు. పొట్లంపై "శుద్ధ మూలికలు" అని ఉంటే అతనికి ఎలా తెలుస్తుంది? 2008లో సింగపూరులో మరింత ఘోరం జరిగింది. మధుమేహం లేని 149 మంది రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి ఆసుపత్రులలో చేరారు. వారిలో నలుగురు మరణించారు. కారణం వెతికితే, అక్రమంగా అమ్మిన లైంగిక శక్తి మందులలో మధుమేహపు మందు గ్లైబెన్‌క్లమైడ్ కలిసి ఉన్నదని తేలింది.

కుష్తాలు, విషద్రవ్యాలు

యునానీలో శంగర్ఫ్ (ఇంగిలీకం), పాదరసం, సమ్ముల్ ఫార్ (పాషాణం), కుచ్లా (ముష్టి గింజ), తేల్నీ మక్ఖీ వంటి ద్రవ్యాలున్నాయి. భారత ఔషధ నియమావళి వీటిని విషద్రవ్యాల పట్టికలో చేర్చింది. వీటితో చేసిన మందును వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక డబ్బాపై ఉండాలి. శుద్ధి సరిగా జరగని కుష్తా మూత్రపిండాలను, నరాలను పాడుచేస్తుంది. ముష్టిలోని స్ట్రిక్నిన్ కొద్దిపాటి మోతాదు మించినా మూర్ఛలు తెస్తుంది. శాస్త్రం చదివిన హకీము ఇచ్చే మందుకూ, పేరు ఊరు లేని పొట్లానికీ ఉన్న తేడా ఇక్కడ ప్రాణంతో సమానం.

చట్టం, షరీఅత్

లైంగిక శక్తిని పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టం మన దేశంలో నిషేధించింది. షరీఅత్ దృష్టిలోనూ విషయం స్పష్టమే. వైద్యం తెలియకుండా చికిత్స చేసి హాని కలిగించినవాడు ఆ హానికి బాధ్యుడని హదీసు బోధిస్తోంది. సరుకులోని లోపాన్ని దాచి అమ్మడాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తీవ్రంగా ఖండించారు. పన్నెండవ శతాబ్దంలో సిరియాకు చెందిన అష్షైజరీ, బజారు తనిఖీ చేసే ముహ్తసిబ్‌ల కోసం రాసిన గ్రంథంలో మందులమ్మేవారి కల్తీలను పేరుపేరునా వివరించాడు. ఇతర సరుకులలోని మోసం డబ్బును హరిస్తుంది, మందులోని మోసం ప్రాణాన్ని హరిస్తుంది. కనుక ఇలాంటి పొట్లాలను అమ్మి సంపాదించినది హలాల్ ఆర్జన అనుకోవడానికి వీలులేదు.

చేయవలసినది

లోపం కొన్ని వారాలు కొనసాగితే మొదట రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ పరీక్షలు చేయించుకోవాలి. పొగాకు మానడం, నడక, బరువు తగ్గడం చాలామందికి నిజమైన మేలు చేస్తాయి. యునానీ వైద్యమే కావాలనుకుంటే పట్టా, రిజిస్ట్రేషన్ ఉన్న హకీమును సంప్రదించాలి. లైసెన్సు నంబరు, ద్రవ్యాల పేర్లు లేని మందును ముట్టకూడదు. వాడుతున్న ఇతర మందుల సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

చివరి మాట అన్నిటికంటే ముఖ్యం. ఇలాంటి మందు తిన్న తర్వాత ఛాతీ నొప్పి వస్తే, ఇంట్లో ఉన్న నైట్రేట్ మాత్రను నాలుక కింద పెట్టకుండా వెంటనే ఆసుపత్రికి చేరాలి. తాను ఏమి తిన్నదీ, ఎప్పుడు తిన్నదీ అక్కడి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఎందుకంటే గుండెనొప్పికి ఆయన ఇవ్వబోయేది కూడా నైట్రేటే కావచ్చు. రోగి నోరు విప్పలేని స్థితిలో ఉంటే, సంగతి తెలిసిన భార్య గాని కుమారుడు గాని చెప్పాలి. ఆ క్షణంలో సిగ్గుపడి మౌనం వహించడం హయా కాదు.