రక్తంలో తగ్గిన జింక్ ఎవరి తప్పు?

బీపీతోనో కిడ్నీ జబ్బుతోనో బాధపడేవారి రక్తం పరీక్షిస్తే కొందరిలో జింక్, సెలీనియం తక్కువగా ఉంటాయి. కిడ్నీ చెడినవారిలో అల్యూమినియం లాంటి లోహాలు పేరుకోవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఈ మాట వినగానే నేరం బోరు నీళ్ల మీద పడుతుంది. అనుమానం ఊరికే పుట్టలేదు. ఇక్కడి గ్రానైట్ రాయి నీళ్లలోకి ఫ్లోరైడ్ వదులుతుంది. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతాల్లో యురేనియం నిక్షేపాలున్నాయి, ఒంట్లో యురేనియం మితిమీరితే ముందు దెబ్బతినేది కిడ్నీయే. అయినా రిపోర్టులోని అంకెను చూసి ఇదే జబ్బుకు కారణమని తేల్చేయడం తొందరపాటు. ఎందుకంటే జబ్బే ఆ అంకెను మార్చగలదు. రక్తంలోని జింక్‌లో ఎక్కువ భాగం అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతుంది. కిడ్నీ వడపోత చెడి ఆ ప్రోటీన్ మూత్రంలో పోతుంటే జింక్ కూడా దాని వెంటే పోతుంది. ఆకలి చచ్చి తిండి తగ్గితే లోపలికి వచ్చేదీ తగ్గుతుంది. బీపీకి వాడే థయజైడ్ మాత్రలు సైతం మూత్రంలో జింక్ నష్టాన్ని పెంచుతాయి. జింక్ తగ్గి బీపీ వచ్చిందా, బీపీ మాత్రలతో జింక్ తగ్గిందా? ఒక్కసారి తీసిన రక్తం దీనికి జవాబు చెప్పలేదు. జబ్బు రాకముందే కొలిచి, అదే మనుషులను ఏళ్ల తరబడి గమనించాలి. సీసం విషయంలో అలాంటి పరిశీలన జరిగింది: అమెరికాలోని బోస్టన్‌లో ఎముకల్లో సీసం ఎక్కువున్న మగవారికి తర్వాతి కాలంలో బీపీ వచ్చే అవకాశం ఎక్కువని తేలింది.

జబ్బు వల్ల మారిన అంకెను కొలిచి లాభమేమిటని అడగవచ్చు. లాభముంది, పేరుకున్న లోహం కొత్త హాని చేస్తుంది గనుక. అమెరికాలోని డెన్వర్‌లో డయాలసిస్ రోగులు కొందరు మాట తడబడి, మూర్ఛలొచ్చి, మతి చెడి చనిపోయారు. వారి మెదడులో అల్యూమినియం పేరుకుందని ఆల్‌ఫ్రే బృందం 1976లో చూపింది. డయాలసిస్ నీళ్లూ, ఫాస్ఫేట్ తగ్గించడానికిచ్చిన అల్యూమినియం మందులూ దానికి దారులని తర్వాత తెలిసింది. మనకు ఇది దూరపు సంగతి కాదు. ఫ్లోరైడ్ తీసేయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించిన నల్లగొండ టెక్నిక్‌లో వాడేది పటిక, అంటే అల్యూమినియం లవణం. నీళ్లు సరిగా తేరకపోతే కొంత అల్యూమినియం మిగులుతుంది. మంచి కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది, చెడిన కిడ్నీ పంపలేదు. ఫ్లోరైడ్ లోహం కాకపోయినా దాని సంగతీ అంతే: ఒకే నీళ్లు తాగే ఇద్దరిలో కిడ్నీ జబ్బున్న మనిషి ఎముకల్లోనే అది ఎక్కువ నిలుస్తుంది.

తాగునీటి పథకం మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాక ఈ చర్చ ఎందుకనేవారూ ఉంటారు. కానీ అప్పటికే ఒంట్లో చేరిన లోహాలు, కాడ్మియం కిడ్నీలో, సీసం ఎముకలో దశాబ్దాల పాటు ఉండిపోతాయి, ఈనాటి నల్లా నీళ్లు వాటిని కడిగేయవు. అందుకే రక్తం తీసే రోజునే ఆ మనిషి ఏ ఊళ్లో ఏ నీళ్లు ఎన్నేళ్లు తాగిందీ, ఏ మాత్రలు వాడుతున్నదీ, మూత్రంలో ప్రోటీన్ పోతున్నదీ లేనిదీ రిపోర్టు పక్కన రాయాలి.