వాకిట్లో నిలిచిపోయిన కారు, ఇంటి బీమా

సంస్థకు ఏటా అండగా నిలుస్తున్న దాతలకు, సోదర సోదరీమణులకు ఒక చిన్న విషయం గుర్తుచేయదలిచాం.

మన గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ల వాకిట్లో ఒక పాత కారు ఉంటుంది. అబ్బాజాన్ కొన్నది, ఆయన పోయాక ఎవరూ నడపనిది. లేదా కొడుకు గల్ఫ్‌కు వెళ్తూ టార్పాలిన్ కప్పి వదిలినది. బ్యాటరీ పోయింది, టైర్లలో గాలి లేదు, కారు బీమా ఎప్పుడో ఆగిపోయింది. ఇంటికి బీమా ఉందిగా, కారు ఆవరణలోనే ఉందిగా అన్న ధీమా మాత్రం మిగిలింది. ఆ ధీమా సరికాదు.

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు 'భారత్ గృహ రక్ష' అనే ఒకే తరహా పాలసీ వచ్చింది. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం వంటివి అందులో ఉన్నాయి. ఇంటి బీమా మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షలు మించకుండా, సామానుకూ రక్షణ ఉంటుంది. కానీ పాలసీలో ప్రత్యేకంగా రాయించుకుంటే తప్ప వాహనాలు ఆ సామానులోకి రావు. 1986 ఆగస్టు వరదలాంటిది మళ్లీ వస్తే గోడలకు, బీరువాకు పరిహారం అడగవచ్చు. పక్కనే మునిగిన కారుకు అడగలేం. కారు నుంచి నిప్పు రేగి పక్కింటికి అంటుకుంటే, ఆ పొరుగువారి నష్టం కూడా మన ఇంటి పాలసీలో లేదు. పొరుగువారి హక్కు మన దీన్‌లో ఎంత పెద్దదో మీకు చెప్పనక్కర్లేదు.

మరి ఏం చేయాలి?

కారు ఉంచుకోదలిస్తే, వాడకుండా నిలిపిన బండికి అగ్నిప్రమాదం, దొంగతనం వరకే బీమా ఇస్తారేమో ఏజెంటును అడగండి. మెకానిక్ చేత బ్యాటరీ తీయించి, పెట్రోలు ఖాళీ చేయించండి. దాని చుట్టూ ఎండు కొబ్బరి మట్టలు, గడ్డి పేర్చకండి.

యజమాని మరణించి ఉంటే 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలిపి, 3 నెలల్లో వారసుల పేరిట మార్పించాలి.

బండి ఇక పనికిరాదని తేలితే 14 రోజుల్లో ఆ కార్యాలయానికే తెలిపి ఆర్.సి. అప్పగించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. తుక్కుకు ఇచ్చేటప్పుడు రిజిస్టరైన కేంద్రానికే ఇచ్చి, సర్టిఫికెట్ తీసుకోండి.

అమ్మినా, దానమిచ్చినా ఆర్.సి. పేరు మారేదాకా నిశ్చింత లేదు. రికార్డులో పేరున్నవారే యజమాని, ప్రమాదం జరిగితే బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

అబ్బాజాన్ గుర్తు కాబట్టి వదలలేకపోతున్నాం అనేవారి బాధ మాకు తెలుసు. కానీ తుప్పుపడుతున్న ఇనుము ఆయనకు ఏ పుణ్యమూ చేర్చదు. వారసులంతా ఒప్పుకుని అమ్మి, ఆ సొమ్ముతో ఒక పేద పిల్ల ఫీజు కడితే, ఆమె చదువు సాగినంత కాలం ఆయన పేరిట సదఖయే జారియా అవుతుంది, ఇన్షా అల్లాహ్.