ఫ్లష్ ట్యాంకులో చప్పుడు లేని లీకు

కొళాయి కారితే ఆ చప్పుడుకి ఎవరో ఒకరు లేచి కట్టేస్తారు. ఫ్లష్ ట్యాంకు కారితే వారాల తరబడి ఎవరికీ పట్టదు. నేల తడవదు, గోడ చెమ్మగిల్లదు. నీళ్లు కమోడ్ లోపలి అంచు వెంట సన్నగా జారి మురుగులో కలిసిపోతాయి. నిమిషానికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు కారినా గంటకు 12 లీటర్లు, రోజుకు 288 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలన్నది మన దేశంలో పాటించే ప్రమాణం. ఇద్దరి వాడకానికి సరిపోయే నీళ్లు ఇలా ఊరికే పోతున్నాయన్నమాట. బోరు మీద ఆధారపడ్డ అపార్ట్‌మెంట్‌లో ఆ నీటిని పైకెక్కించిన కరెంటూ దండగే. ఇంతా చేసి, తప్పు చాలాసార్లు ఒక్క రబ్బరు వాషర్‌ది. ట్యాంకు మొత్తం మార్చేముందు మూత తీసి చూడాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

లోపల ముఖ్యమైనవి రెండే: నీళ్లు నింపే బాల్ వాల్వ్, నీళ్లు వదిలే ఫ్లష్ వాల్వ్. నీటిమట్టం ఓవర్‌ఫ్లో గొట్టం అంచు దాటి అందులోకి పోతుంటే లోపం మొదటిదాంట్లో ఉంది. ఫ్లోటును కాస్త కిందికి సర్ది, మట్టం ఆ అంచుకు అంగుళం కిందే ఆగేలా చేస్తే సరిపోవచ్చు. అప్పటికీ నీళ్లు ఆగకపోతే ఆ వాల్వ్‌లో నలుసు ఇరుక్కుని ఉండాలి, లేదా దాని వాషర్ అరిగి ఉండాలి. మట్టం సరిగ్గానే ఉన్నా కమోడ్‌లోకి కారుతోందని అనుమానమొస్తే, ట్యాంకులో నాలుగు చుక్కలు మిఠాయి రంగు వేసి అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే ఫ్లష్ వాల్వ్ అడుగు వాషర్ సరిగ్గా కూర్చోవడం లేదు. ట్యాంకుకు నీళ్లొచ్చే యాంగిల్ కాక్ కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, ఫ్లష్ వాల్వ్‌ను కొంచెం తిప్పితే చాలా రకాల్లో అది ఊడి చేతికొస్తుంది. బోరు నీళ్ల ఇళ్లలో ఆ వాషర్ అంచు మీద వేలు పెట్టి చూడండి, తెల్లటి ఉప్పు గరుకుగా తగులుతుంది. వెనిగర్‌లో కాసేపు నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడిస్తే ఆ పొర వదులుతుంది. వాషర్ ఆనే పీటను కూడా అలాగే తుడవాలి, లేకపోతే కొత్త వాషర్ వేసినా కారుతుంది.

ప్లంబర్ ఉండగా మనకెందుకీ పని అనవచ్చు. వాషర్ ఒక్కటి మార్చి వెళ్తే, మళ్లీ కారినప్పుడు మాట పడేది ఆయనే. అందుకే చాలామంది సెట్టంతా మార్చేద్దామంటారు, అందులో వారి తప్పేమీ లేదు. ఇంట్లోవాళ్లకు ఆ ఇబ్బంది లేదు, మళ్లీ కారితే మళ్లీ తీసి చూసుకోవచ్చు. సైజు కుదరదేమోనన్న భయానికి మందు పాత వాషర్‌నే శానిటరీ షాపుకు పట్టుకెళ్లడం. మార్చినా ఎన్నాళ్లుంటుందనే ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ఉప్పు నీళ్లలో రబ్బరు త్వరగా పాడవవచ్చు, ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్లలు దాన్ని ఇంకా పెళుసు చేస్తాయి. ఆ బిళ్లలు మానేసి, అప్పుడప్పుడూ ఉప్పు తుడిస్తే మన్నిక పెరుగుతుంది. ట్యాంకు బీటలు వారినా, గోడలో దాచిన ట్యాంకు దగ్గర చెమ్మ కనిపించినా ప్లంబర్‌ను పిలవాల్సిందే. యాంగిల్ కాక్ బిగుసుకుపోతే పానాతో బలవంతం చేయొద్దు. అది విరిగితే నీళ్లు ఆపడం కష్టం, ముందు మేడ మీది ట్యాంకు వాల్వ్ కట్టేయండి.