పత్తికుప్పలో తెల్లరాయి

"రొట్టె ఒత్తినట్టు ఒత్తిండ్రు బిడ్డా" అంది మా పిన్ని, హనుమకొండలో ఒక స్కానింగ్ సెంటర్ గదిలోంచి కొంగు సర్దుకుంటూ బయటికొచ్చి. రొమ్ములో గోలీకాయంత గడ్డ తగిలి నాలుగు నెలలైందట. ఎవరికీ చెప్పలేదు. ఎందుకని అడిగితే "నొస్తలేదు గదా, ఏం గాదనుకున్న" అంది. ఈ జబ్బు చేసే మోసమే అది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొయ్యదు.

పిన్నిని ఇబ్బంది పెట్టిన ఆ ఒత్తుడు లేకుండా మమోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, లేదు. రెండు పలకల మధ్య అదిమినప్పుడు రొమ్ము మందం తగ్గి, లోపలి పొరలు విడివిడిగా పరుచుకుంటాయి. కదలిక ఆగుతుంది. తక్కువ కిరణాలతోనే బొమ్మ తేటగా వస్తుంది. ఉరుగ్వే వైద్యుడు రౌల్ లెబోర్న్ 1950 ప్రాంతంలో పట్టుబట్టి చూపించిన సంగతి ఇది.

మమోగ్రామ్‌కు బీజం పడింది అంతకు చాలా ముందు. బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్, ఆపరేషన్లలో తీసేసిన సుమారు 3,000 రొమ్ములకు ఎక్స్‌రేలు తీసి, క్యాన్సర్ ఎలా పాకుతుందో, సన్నటి సున్నపు నలుసులు ఎలా కనిపిస్తాయో 1913లో రాశాడు. ఆయన యూదుడు. 1933లో నాజీలు ఉద్యోగం ఊడగొట్టారు, తర్వాత నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఆయన బతికి బయటపడ్డాడు. చిత్రకారిణి అయిన కూతురు షార్లెట్‌ను మాత్రం 1943లో ఆష్విట్జ్‌లో చంపేశారు. మమోగ్రామ్ చరిత్ర తిరగేసిన ప్రతిసారీ ఈ తండ్రీకూతుళ్ల దగ్గర నాకు మనసు ఆగిపోతుంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఎముకల కోసం చేసిన యంత్రాలతోనే రొమ్మునూ చూశారు. మెత్తటి కండలోంచి బలమైన కిరణాలు ఇట్టే దూసుకుపోతాయి, గడ్డకీ కొవ్వుకీ తేడా చెరిగిపోతుంది. 1960ల మధ్యలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో షార్ల్ గ్రో ఆలోచనతో 'సెనోగ్రాఫ్' వచ్చింది. అందులో టంగ్‌స్టన్ బదులు మాలిబ్డినం పెట్టారు. దాని మెత్తటి కిరణాలకు ఆ చిన్న తేడాలు చిక్కాయి. రొమ్ము కోసమే పుట్టిన మొదటి యంత్రం అది.

అయినా దానికి ఒక బలహీనత మిగిలింది. మమోగ్రామ్‌లో కొవ్వు నల్లగా, పాలగ్రంథులు తెల్లగా పడతాయి. గడ్డ కూడా తెల్లగానే. వయసులో ఉన్న ఆడవాళ్లలో గ్రంథులు చిక్కగా ఉంటాయి. ఎనుమాముల మార్కెట్‌లో పత్తికుప్ప నడుమ తెల్లరాయి పడితే ఎలా వెతుకుతాం? పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన ఆడవాళ్లకు ఈ జబ్బు సగటున పదేళ్లు ముందే వస్తోంది కాబట్టి, ఆ పత్తికుప్ప సమస్య మనకే ఎక్కువ. డిజిటల్ మమోగ్రామ్ కొంత మేలు. సుమారు 49,500 మంది మీద చేసి 2005లో వెలువరించిన అమెరికా అధ్యయనంలో, 50 ఏళ్లలోపు వాళ్లలో, చిక్కటి రొమ్ములవాళ్లలో ఫిల్మ్ కన్నా అది మెరుగని తేలింది.

అల్ట్రాసౌండ్ చూసేది నీడను కాదు, శబ్దపు ప్రతిధ్వనిని. అందుకే గడ్డలో ఉన్నది నీరో, గట్టి కండో చెప్పగలదు. కానీ మమోగ్రామ్ ఇట్టే పట్టే సున్నపు నలుసులను చాలాసార్లు జారవిడుస్తుంది. ఎమ్మారై నరంలోకి గాడోలినియం మందు ఎక్కించి, నెత్తురు ఎక్కడికి ఎక్కువగా పరుగెడుతోందో చూస్తుంది. అన్నిటికన్నా చురుకైన కన్ను దానిది. అయితే ఖర్చెక్కువ, క్యాన్సర్ కానివాటికీ అనుమానం పెట్టేస్తుంది. అందుకే దాన్ని ముఖ్యంగా వంశంలో జన్యులోపం ఉన్నవాళ్లకు చెబుతారు. ఒంటి వేడిని కొలిచే థర్మోగ్రఫీ మమోగ్రామ్‌కు బదులు కాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టిగానే హెచ్చరించింది.

ఏ యంత్రమూ లేని ఊళ్ల సంగతి? ముంబైలో టాటా మెమోరియల్ వైద్యులు 1998 నుంచి లక్షన్నర మంది ఆడవాళ్లతో అధ్యయనం చేశారు. అందులో సగంమందికి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేశారు. 50 దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్లలో ఆ మేలు కనబడలేదు. హైదరాబాద్‌లో డాక్టర్ పి. రఘురాం తన తల్లి ఉషాలక్ష్మి పేరిట 2007లో పెట్టిన ఫౌండేషన్ తెలుగు పల్లెల ఆరోగ్య కార్యకర్తలకు నేర్పింది ఈ చేతి పరీక్షనే.

పిన్ని మమోగ్రామ్ నిండా తెలుపే. అల్ట్రాసౌండ్ తెరమీద మాత్రం నున్నటి అంచులతో నల్లటి గుండ్రం కనబడింది. సూది పెట్టి లాగితే నీళ్లొచ్చాయి, గడ్డ అణిగిపోయింది. తిరిగొచ్చే ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు. కాజీపేట దాటాక నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "మా పక్కింటామెకు గూడ గడ్డ ఉన్నదట. సిగ్గుపడి ఎవ్వరికీ చెప్తలేదు. రేపు తోల్కపోదామా?"