పది కన్నా నాలుగే ఎక్కువ!

వెబ్‌సైటులో కనిపించే ప్రకటనను ఎవరైనా క్లిక్ చేస్తేనే వ్యాపారి డబ్బు చెల్లించే పద్ధతి ఒకటుంది. 1998లో అమెరికాలో గోటూ.కామ్ అనే సెర్చ్ ఇంజన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. 2003లో వచ్చిన గూగుల్ యాడ్‌సెన్స్ వల్ల చిన్న వెబ్‌సైట్ల యజమానులకూ రాబడి మొదలైంది. 2018లో తెలుగు సైట్లకూ ఆ అవకాశం దక్కింది.

ఒకే చోటుకు ఇద్దరు పోటీపడితే? మా తిరువూరు మామిడి తోటలపై ఎవరో వెబ్‌సైటు నడుపుతున్నారనుకుందాం. క్లిక్‌కు నగల వ్యాపారి 10 రూపాయలు, మామిడి అంట్లు అమ్మే రైతు 4 రూపాయలు ఇస్తామన్నారు. చోటు ఎవరికి? తొందరపడకండి! నూరుమంది చూస్తే నగల ప్రకటనను ఒక్కరు, అంట్ల ప్రకటనను నలుగురు క్లిక్ చేస్తారనుకోండి. 10×1=10; 4×4=16. చోటు రైతుదే! మీరు నేర్చుకునే సంభావ్యతే ఇది. పేజీ తెరుచుకునేలోపే కంప్యూటర్లు ఈ లెక్క కట్టేస్తాయి.

వచ్చిన సొమ్ములో గూగుల్ కొంత ఉంచుకుని, మిగతాది సైటు యజమానికిస్తుంది. 2024లో ఈ వాటాను క్లిక్‌ల లెక్క నుంచి ప్రకటన కనిపించిన లెక్కకు మార్చింది.

మరి యజమానే తన సైటులోని ప్రకటనను పదేపదే క్లిక్ చేస్తే? రైతు డబ్బు పోతుంది, ఒక్క అంటూ అమ్ముడుపోదు. అది దొంగతనమే. అలాంటి క్లిక్‌లను కంప్యూటర్లు పసిగట్టి కొట్టేస్తాయి. యజమాని ఖాతా కూడా మూతపడవచ్చు. లెక్క నిజాయితీగా ఉంటేనే బేరం నిలుస్తుంది!